కొత్త విండోస్ వేయాలా... పాతదే నెట్టుకురావాలా?

పరాయి దేశంలో మనవాళ్లు అద్దెకుండే ఇంట్లో సోఫా ఉండకపోవచ్చు, సరైన మంచం కూడా ఉండకపోవచ్చు. ఓ ల్యాప్‌టాప్ మాత్రం ఉంటుంది. వీసా కాగితాలు అందులోనే. జీతం స్లిప్పులు అందులోనే. ఊళ్లో పొలం పాసుపుస్తకం స్కాన్ చేసి దాచిందీ అందులోనే. బిడ్డ మొదటిసారి అడుగులేసిన వీడియో కూడా అందులోనే! అలాంటి ల్యాప్‌టాప్ తెరిచీ తెరవగానే ‘మీ విండోస్ 10కి సపోర్టు అయిపోయింది, విండోస్ 11కి మారండి’ అని పలకరిస్తే ఏం చేయాలి? సరేనని బటన్ నొక్కేయాలా? తర్వాత చూద్దాంలే అని మూసేయాలా?

మేం మెల్‌బోర్న్‌కి ఆగ్నేయంగా ఉన్న క్లైడ్ నార్త్‌లో ఒకే ఇంట్లో ఉంటున్న నలుగురం. ఇద్దరం సివిల్‌లో డిప్లొమా చేసి ఇళ్ల సైట్లలో సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నాం. ఒకరిది టైల్స్ పని. ఇంకొకరు డాండెనాంగ్ వైపు వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు. ఇద్దరిది కరీంనగర్ వైపు, ఇద్దరిది గోదావరి వైపు. ఒకప్పుడు పొలాలు, పచ్చికబయళ్లు ఉన్న క్లైడ్ నార్త్‌లో ఇప్పుడు ఎటు చూసినా కొత్త పైకప్పులే. 2021 జనాభా లెక్కల నాటికే ఇక్కడ జనం 30 వేలు దాటారు. ఆ ఇళ్లు కట్టేవాళ్లలో మేమూ ఉన్నాం. మాలో కంప్యూటర్ ఇంజినీరు ఒక్కరూ లేరు. అయినా ఈ విండోస్ గొడవ మా ఇంటికీ వచ్చింది. మూడు కంప్యూటర్లకు మూడు రకాల నిర్ణయాలు తీసుకున్నాం. దుబాయ్‌లో, మస్కట్‌లో, కువైట్‌లో, సింగపూర్‌లో ఉన్న మనవాళ్లకూ పనికొస్తుందని ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాం.

సపోర్టు ఆగితే కంప్యూటర్ ఆగుతుందా?

ఆగదు. ముందు ఆ భయం తీసేయండి. విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. మన హైదరాబాద్ వాడు సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాక వచ్చిన మొదటి పెద్ద విండోస్ అదే. 2025 అక్టోబరు 14న దానికి మామూలు సపోర్టు ఆపేశారు. తెలుగువాడు సీఈఓ అయినంత మాత్రాన మన ల్యాప్‌టాప్‌లకు మినహాయింపు ఏమీ దొరకలేదు మరి! దాని తర్వాతిది, విండోస్ 11, 2021 అక్టోబరు 5నే విడుదలైంది.

సపోర్టు అంటే ఏమిటి? ఇంటి తలుపుకు తాళం ఉంది. దొంగలు రోజూ కొత్త కొత్త మారుతాళాలు చేస్తూనే ఉంటారు. ఫలానా తాళం తెరుచుకుంటోందని తెలియగానే కంపెనీ దాన్ని మార్చి పంపుతుంది. మైక్రోసాఫ్ట్ ఈ పని ప్రతి నెలా రెండో మంగళవారం చేస్తుంది. మనం ‘అప్‌డేట్’ అంటాం. సపోర్టు ఆగిందంటే ఇక కొత్త తాళాలు రావు. ఇల్లు అలాగే ఉంటుంది, దీపాలు వెలుగుతాయి, కుళాయిలో నీళ్లొస్తాయి. తాళం పాతబడిందన్న సంగతి మాత్రం దొంగకు తెలుసు.

‘యాంటీవైరస్ ఉందిగా!’ అంటారు చాలామంది. యాంటీవైరస్ వాకిట్లో కాపలావాడి లాంటిది. తెలిసిన దొంగ మొహం చూస్తే ఆపుతాడు. గోడకు కన్నం పడితే పూడ్చే పని కాపలావాడిది కాదు. విండోస్ 10లో ఉండే డిఫెండర్ యాంటీవైరస్‌కు కొత్త వైరస్‌ల వివరాలు 2028 అక్టోబరు వరకు పంపుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ మాటను పట్టుకుని 2028 వరకు విండోస్ 10 భద్రం అనుకుంటే పొరపాటే.

తొందరపడితే...

అయితే వచ్చిందల్లా వెంటనే వేసేయాలా? అదీ కాదు. పాత సంగతులు కొన్ని గుర్తు చేసుకుందాం.

2007 జనవరి 30న విండోస్ విస్టా వచ్చింది. చూడ్డానికి అద్దాల మేడలా ఉండేది. అప్పటిదాకా ఎక్స్‌పీ మీద హాయిగా నడిచిన కంప్యూటర్లు చాలావాటికి ఆ బరువు మోసే శక్తి లేదు. ‘కొన్నాళ్లు చూద్దాం’ అని ఎక్స్‌పీ మీదే ఆగినవాళ్లకు 2009 అక్టోబరు 22న విండోస్ 7 దొరికింది. అప్పుడు ఆగడమే మంచిదైంది.

2018 అక్టోబరు మొదటి వారంలో విండోస్ 10కి ఓ పెద్ద అప్‌డేట్ ఇచ్చారు. వేసుకున్న కొందరి కంప్యూటర్లలో ఫొటోలు, డాక్యుమెంట్లు మాయమయ్యాయని ఫిర్యాదులు వచ్చాయి. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. సరిచేసి మళ్లీ వదలడానికి నవంబరు 13 దాకా పట్టింది. ముందుగా ఎగబడి వేసుకున్నవాళ్లే దెబ్బతిన్నారు.

అదే ఏడాది ఫిబ్రవరిలో జరిగింది మన తెలుగువాళ్లు మరిచిపోలేరు. ‘జ్ఞా’ అనే మన అక్షరం ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలేది! మళ్లీ తెరిస్తే మళ్లీ పడిపోయేది. కోట్లమంది చదివే భాషలోని అక్షరాన్ని తెర మీద గీయడం దగ్గర అప్పటి ఐఓఎస్ తడబడింది. ఆపిల్ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఇందులో రెండు పాఠాలున్నాయి. ఎంత పెద్ద కంపెనీ చేసిన కొత్త వస్తువులోనైనా లోపం ఉంటుంది. ఆ లోపానికి మందు కూడా మళ్లీ అప్‌డేట్ రూపంలోనే వస్తుంది. సపోర్టు పోయినవాటికి ఆ మందు అందదు.

ఆలస్యమైతే...

ఇక రెండో వైపు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న సపోర్టు ఆగింది. ఆ తర్వాత కూడా దాన్ని వదలని చోట్లు ప్రపంచమంతా ఉన్నాయి. మేముండే ఈ విక్టోరియా రాష్ట్రంలోనే, 2016 జనవరిలో రాయల్ మెల్‌బోర్న్ హాస్పిటల్‌లో ఎక్స్‌పీ కంప్యూటర్లకు వైరస్ సోకింది. దెబ్బ పడింది ముఖ్యంగా రక్తపరీక్షల విభాగం మీద. సిబ్బంది కంప్యూటర్లు పక్కనపెట్టి శాంపిళ్ల పని చేత్తో చేయాల్సి వచ్చింది. సపోర్టు ఆగి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు.

2017 మే 12న వానాక్రై వచ్చింది. కంప్యూటర్లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానని బెదిరించే రకం. ఇంగ్లండ్‌లో ఆస్పత్రులు అల్లాడాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసుల కంప్యూటర్లూ చిక్కుకున్నాయి. చిత్రమేమిటంటే, ఆ వైరస్ దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే, మందు పంపింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. ‘తర్వాత గుర్తుచేయి’ అని నొక్కినవాళ్లు దొరికిపోయారు.

ఆ మరుసటి నెల, 2017 జూన్‌లో, అదే వైరస్ విక్టోరియా రోడ్ల మీద స్పీడ్ కెమెరాలు, రెడ్‌లైట్ కెమెరాల్లోకి పాకింది. మొదట లెక్కకు వచ్చినవి 55 కెమెరాలు. వాటి ఆధారంగా వేసిన జరిమానాలను పోలీసులు పక్కనపెట్టాల్సి వచ్చింది. అది ఇంటర్నెట్ నుంచి రాలేదు. మెయింటెనెన్స్ పనిలో మనిషి చేతి మీదుగా లోపలికొచ్చింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

రెండు వైపులా చూశాక మాకు తేలింది ఇది. కొత్తది వచ్చిన వారంలోనే ఎక్కొద్దు. పాతదాని గడువు దాటాక దిగకుండా కూర్చోవద్దు. విండోస్ 11 వచ్చి ఏళ్లు గడిచాయి కాబట్టి మొదటి వారం భయం ఇప్పుడు లేదు. మిగిలింది ఒక్కటే ప్రశ్న. మన మిషన్‌కు అది పడుతుందా, పడకపోతే దాని మీద మనం ఏం పెట్టుకున్నాం?

మొదటి మిషన్: మారిపోయింది

టైల్స్ పని చేసే తమ్ముడి ల్యాప్‌టాప్ 2019లో కొన్నది. విండోస్ 11 పడుతుందో లేదో చెప్పే ‘పీసీ హెల్త్ చెక్’ అనే చిన్న ప్రోగ్రామ్‌ను మైక్రోసాఫ్టే ఉచితంగా ఇస్తుంది. దాన్ని నడిపితే పనికిరాదని ఎర్రగుర్తు చూపించింది. ఒక షాపులో అడిగితే ‘పాతబడింది బాస్, కొత్తది కొనుక్కో’ అన్నారు.

నిజంగా పాతబడిందా? విండోస్ 11 అడిగేవి ఇవి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్. ఇంటెల్ అయితే మోటుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ రైజెన్ అయితే 2000 సిరీస్ నుంచి పైవి. మామూలు భాషలో చెప్పాలంటే 2018 తర్వాత వచ్చినవాటిలో చాలావరకు పనికొస్తాయి, అంతకుముందువి చాలావరకు పనికిరావు. తమ్ముడి దాంట్లో అన్నీ ఉన్నాయి. టీపీఎం ఒక్కటి బయాస్ సెట్టింగుల్లో ఆఫ్ చేసి ఉంది, అంతే! ఇంటెల్ మిషన్లలో దాన్ని పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ పిలుస్తారు. ఆన్ చేయగానే ఎర్రగుర్తు పచ్చగుర్తయింది. వెయ్యి డాలర్ల ఖర్చు ఒక్క స్విచ్ దగ్గర తప్పింది.

అసలైన విండోస్ 10 ఉన్నవాళ్లకు విండోస్ 11 ఉచితం. ఒక శనివారం సాయంత్రం మొదలుపెడితే భోజనాల వేళకు పూర్తయింది. నచ్చకపోతే మొదటి పది రోజుల్లో వెనక్కి విండోస్ 10కి వెళ్లే దారి సెట్టింగుల్లోనే ఉంటుంది. ఆ పది రోజుల్లోనే ప్రింటరు, స్కానరు, బ్యాంకు సైటు అన్నీ ఓసారి నడిపి చూసుకోవాలి.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. ఎక్స్‌పీ రోజుల నుంచి మనం వాడిన ‘గౌతమి’ ఫాంటు, విండోస్ 7తో వచ్చిన ‘వాణి’ ఫాంటు ఇప్పుడు కొత్త మిషన్లలో వాటంతటవే కనబడకపోవచ్చు. వాటి బదులు ‘నిర్మల’ ఉంటుంది. పాత ఉత్తరాలు తెరిస్తే అక్షరాల తీరు మారినట్టు కనిపించేది అందుకే. కంగారు పడొద్దు. సెట్టింగుల్లో ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ చేర్చుకుంటే గౌతమి, వాణి రెండూ తిరిగొస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019 నుంచి విండోస్‌లోనే ఉంది. వేరే డౌన్‌లోడ్ అక్కర్లేదు.

రెండో మిషన్: గడువు కొనుక్కుంది

సూపర్‌వైజర్ ఒకరి ల్యాప్‌టాప్ 2016 నాటిది, ఆరో తరం ప్రాసెసర్. ఏ స్విచ్ నొక్కినా విండోస్ 11 జాబితాలోకి రాదు. కానీ అందులో ఉన్నది చిన్న సంగతి కాదు. పీఆర్ ఫైలు మొత్తం అందులోనే ఉంది. స్కిల్ అసెస్‌మెంట్ కాగితాలు, పోలీస్ క్లియరెన్స్, పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్, ఇమ్మిఅకౌంట్ లాగిన్, బ్యాంకు, సూపర్... ఒక మనిషి పదేళ్ల కష్టం!

ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ‘యూట్యూబ్‌లో చూశా అన్నా, చిన్న చిట్కాతో విండోస్ 11 ఎక్కించేయొచ్చు’ అన్నాడు ఫోర్క్‌లిఫ్ట్ తమ్ముడు. ఎక్కించవచ్చు, నిజమే. కానీ అర్హత లేని మిషన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. అప్‌డేట్ల కోసమే మారుతూ అప్‌డేట్లకే హామీ లేని దారి పట్టడం దేనికి? సినిమాలు చూసుకునే కంప్యూటర్‌కైతే సరే. పీఆర్ ఫైలున్న కంప్యూటర్‌కు వద్దనుకున్నాం.

‘వెంటనే కొత్తది కొనెయ్’ అన్నారు మరొకరు. ఆ నెల ఊళ్లో చెల్లెలి కాలేజీ ఫీజు కట్టాలి. ఎనిమిది వందలో వెయ్యో డాలర్లు పెట్టి ల్యాప్‌టాప్ కొంటే ఆ ఫీజు ఆగుతుంది. మనలాంటివాళ్లకు అసలు చిక్కు ఇదే. కంపెనీకి అది ఒక తేదీ. మనకు అది ఇంటికి పంపే డబ్బు.

అప్పుడు మూడో దారి దొరికింది. విండోస్ 10 వదల్లేనివాళ్లకు మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం పెట్టింది. ఈఎస్‌యూ అంటారు. ఇళ్లల్లో వాడుకునేవాళ్లకు ఆ గడువు 2026 అక్టోబరు 13 వరకు అని ప్రకటించింది. చేరడానికి మూడు మార్గాలు పెట్టింది. 30 అమెరికన్ డాలర్లు లేదా అంతకు సరిపడా స్థానిక ధర కట్టడం, వెయ్యి మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు వాడుకోవడం, లేదంటే విండోస్ బ్యాకప్‌తో మన సెట్టింగులను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలపడం. మూడోదానికి డబ్బు కట్టక్కర్లేదు. దేనికైనా మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి, విండోస్ 10లో ఆఖరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి. మేం పైసా కట్టకుండానే చేరాం.

ఇది మారకుండా ఉండటానికి దొరికిన అనుమతి కాదు, మారడానికి దొరికిన గడువు. కాబట్టి అప్పుడే ఓ లెక్క వేసుకున్నాం. నెలనెలా కొంత పక్కనపెట్టడం, జూన్ 30తో ఆర్థిక సంవత్సరం ముగిసే ముందు ఇక్కడి షాపుల్లో వచ్చే సేల్‌లో కొనడం. పని కోసం కూడా వాడే ల్యాప్‌టాప్ అయితే ఎంత భాగం పనికి వాడామో అంతవరకు పన్నులో చూపించుకోవచ్చు. ఇక్కడి టాక్స్ ఆఫీసు లెక్కలో ఉద్యోగికి 300 డాలర్లు దాటిన వస్తువు ఖర్చు ఒక్కసారే రాదు. ల్యాప్‌టాప్‌కైతే రెండేళ్ల మీద పంచుతారు. బిల్లు మాత్రం దాచుకోవాలి.

కొత్తది వచ్చాక పాతదాన్ని పారేయాల్సిన పని లేదు. దాంట్లో ఉబుంటు లాంటి లినక్స్ వేసుకోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04కి అయిదేళ్ల మామూలు సపోర్టు ఉంది. తెలుగు బాగానే కనిపిస్తుంది. పాటలకు, వార్తలకు, ఇంటికి వీడియో కాల్‌కు చాలు. ఇక దేనికీ పనికిరాదనుకుంటే మామూలు చెత్తబుట్టలో వేయకండి. విక్టోరియాలో 2019 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్ చెత్తను చెత్తకుప్పలకు పంపడం నిషేధం. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి. ఇచ్చేముందు డిస్క్ పూర్తిగా తుడిచేయాలి.

మూడో మిషన్: కదపలేదు!

మూడోది ఇక్కడ లేదు, జగిత్యాల దగ్గర మాలో ఒకరి బావ నడిపే డీటీపీ షాపులో ఉంది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, దరఖాస్తులు... ఇల్లంతా ఆ షాపు మీదే గడుస్తుంది. మన ఊళ్లలో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కలిపి పనిచేసిన తరం డీటీపీ ఆపరేటర్లు ఎంతమందో ఉన్నారు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. బావ దగ్గర ఉన్నది కూడా పాత సాఫ్ట్‌వేరే, నడిచేది విండోస్ 7 మీదే. విండోస్ 7 సపోర్టు 2020 జనవరి 14తోనే పోయింది.

ఫోన్‌లో కొత్తది వేయించమంటే బావ ఒప్పుకోలేదు. ‘నడిచే ఎద్దునే పొడుస్తరా? పదిహేనేండ్ల పెళ్లిపత్రికలన్నీ దీంట్లనే ఉన్నయ్. కొత్తదాంట్ల తెరుచుకోకపోతే గిరాకీకి నువ్వు జవాబు చెప్తవారా?’ అన్నాడు.

ఆలోచిస్తే బావ మాటలో న్యాయం ఉంది. ఆ పాత ఫైళ్లు యూనికోడ్‌లో లేవు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. అలాగని ఆ మిషన్ మీదే గూగుల్ పే గొడవలు, బ్యాంకు సైట్లు, మీసేవ కాగితాలు చూస్తూ కూర్చోవడమూ కుదరదు. విండోస్ 7కి క్రోమ్ బ్రౌజర్ కూడా 2023లో కొత్త వెర్షన్లు ఇవ్వడం ఆపేసింది.

చివరికి తేలింది ఇది. పాత మిషన్‌కు ఇంటర్నెట్ వైరు పీకేశారు. అది ఇక పేజీలు దిద్దే పనిముట్టు మాత్రమే. ఆన్‌లైన్ పనులన్నిటికీ పక్కన ఓ కొత్త చిన్న కంప్యూటర్, విండోస్ 11తో. ఖర్చు ఇద్దరూ చెరిసగం పెట్టుకున్నారు. గిరాకీ తెచ్చే పెన్‌డ్రైవ్ ముందు కొత్త మిషన్‌లో పెట్టి వైరస్ చూశాకే పాతదాంట్లోకి వెళ్లాలి. స్పీడ్ కెమెరాల కథ చెప్పాక ఈ నియమానికి బావ వెంటనే ఒప్పుకున్నాడు. ఇంటర్నెట్ లేనంత మాత్రాన వైరస్ రాదనుకోకూడదని ఆ కథే చెబుతుంది కదా. పాత ఫైళ్ల కాపీ ఇంకో డిస్క్‌లో పెట్టి ఇంట్లో బీరువాలో దాచారు. కొత్తగా వచ్చే పనులను మెల్లగా యూనికోడ్‌లో చేయడం మొదలైంది.

మార్చే ముందు చూసుకోవాల్సినవి

ఇక్కడ ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్ పోసే ముందు ఒకసారి, ఫ్రేమ్ నిలబెట్టాక ఒకసారి ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. కాంక్రీటు పోశాక కింద కమ్మి సరిగ్గా ఉందా అని చూడలేం కదా! కంప్యూటర్ కూడా అంతే. బటన్ నొక్కాక చూసేది తక్కువ, నొక్కే ముందు చూసేదే ఎక్కువ.

మొదటిది, కాపీ. ముఖ్యమైన కాగితాలు, ఫొటోలు రెండు చోట్ల పెట్టండి. ఒకటి బయటి హార్డ్‌డిస్క్, ఇంకొకటి ఆన్‌లైన్‌లో. కాపీ తీశాక డిస్క్‌ను ఊడదీసి పక్కన పెట్టాలి. వానాక్రై లాంటివి తగిలించి ఉన్న డిస్క్‌కు కూడా తాళం వేస్తాయి. కాపీలోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకోని కాపీ కాపీ కాదు.

రెండోది, రికవరీ కీ. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. బయాస్‌లో ఏదైనా కదిపితే 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ ఉందో లేదో ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

మూడోది, సమయం. వీసా గడువుకో, ఇంటర్వ్యూకో, ప్రయాణానికో నాలుగు రోజుల ముందు ఈ పని పెట్టుకోకండి. ఛార్జరు తగిలించి, రెండు రోజులు ఖాళీ ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే మనం చేయి పెట్టొద్దు. అది కంపెనీ ఐటీ వాళ్ల బాధ్యత. ఇక డూప్లికేట్ విండోస్ సంగతి. గల్ఫ్‌లో, మన ఊళ్లలో షాపువాళ్లు సీడీతో వేసిచ్చినవి ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ఉచితంగా మారే వీలు అసలైన విండోస్‌కే ఉంటుంది. ఎవరు ఏం కలిపి ఇచ్చారో తెలియని విండోస్ మీద బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం కన్నా, ఉచితంగా దొరికే లినక్స్ మీద కొట్టడం మేలు.

‘మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం...’

ఇలాంటి గడువులు వచ్చినప్పుడే దొంగ ఫోన్లు పెరుగుతాయి. ‘మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, ఈ యాప్ వేసుకోండి, మేమే సరిచేస్తాం’ అంటారు. మన తెరను వాళ్ల చేతికిచ్చే యాప్ అది. మైక్రోసాఫ్ట్ మనం అడగకుండా ఫోన్ చేయదు. దాని హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. తెర మీద నంబరు కనిపించిందంటే అది దొంగదే. ఫోన్ పెట్టేయండి. ఆస్ట్రేలియాలో అయితే స్కామ్‌వాచ్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఊళ్లో మనవాళ్లకు అలాంటిది జరిగి డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు చేయమనండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు దొరకడం కష్టమవుతుంది.

సపోర్టు ఆగిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసేసి మార్చుకోవాలన్నది ఆస్ట్రేలియా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సంస్థలకు ఇచ్చే ‘ఎసెన్షియల్ ఎయిట్’ సూచనల్లో ఒకటి. పెద్ద పెద్ద ఆఫీసుల కోసం రాసిన మాటే అయినా నలుగురు కలిసుండే అద్దె ఇంటికీ వర్తిస్తుంది. ఎందుకంటే పాస్‌పోర్టు, పీఆర్, బ్యాంకు మూడూ ఒకే పెట్టెలో పెట్టుకునేది మనమే.

మూడు మిషన్లు, మూడు నిర్ణయాలు. ఒకటి మారింది, ఒకటి గడువు తీసుకుంది, ఒకటి కదలకుండా వైరు పీకించుకుంది. మూడింటికీ మేం అడిగిన ప్రశ్న ఒక్కటే. ‘రేపు పొద్దున ఇది తెరుచుకోకపోతే మనం పోగొట్టుకునేది ఏమిటి?’ జవాబు ‘రెండు సినిమాలు’ అయితే తొందర లేదు. జవాబు ‘మన కాగితాలు, మన డబ్బు, బావ షాపు’ అయితే ఆలస్యం చేయకండి. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు వానలు, పంటలు, పిల్లల చదువులతో పాటు ఇంకో మాట కూడా అడగండి. ‘ఇంట్లో కంప్యూటర్ మీద ఏ విండోస్ ఉంది?’